ఇసుక డబ్బా, నల్లమట్టి డబ్బా

గోనెసంచి మూతి విప్పగానే ఏడో తరగతి పిల్లలంతా బెంచీలు దిగి దాని మీద పడ్డారు.

దసరా సెలవులకి ఊరెళ్ళి వచ్చిన నిరంజన్ అంత బరువు మోసుకొచ్చాడంటే అందులో వేరుశనగలో, బెల్లం ఉండలో ఉంటాయని అందరికీ ఆశ. మంగ అందరినీ తోసుకుంటూ ముందుకి దూరి, సంచిలో చెయ్యి పెట్టింది. గట్టిగా ఒక ఉండ తగిలింది. బయటికి తీసి చూస్తే నల్లటి మట్టిగడ్డ.

"మట్టేటి?" అంది మంగ. "రెండు రైళ్ళు మారి మట్టి తెచ్చినావేటి?"

క్లాసంతా పడీ పడీ నవ్వింది. నిరంజన్ కూడా నవ్వాడు గాని, అతని చెవులు ఎర్రబడ్డాయి.

నిరంజన్ వాళ్ళది అనంతపురం జిల్లాలో ఉరవకొండ దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాన్న బ్యాంకు ఉద్యోగి. ఆ ఏడు జూన్‌లో బదిలీ మీద ఈ ఊరు వచ్చారు. ఈ ఊరు ఉద్దానంలో ఉంది. మందస నుంచి సముద్రం వైపు వచ్చే బస్సు ఇంక ముందుకి దారి లేక ఇక్కడే వెనక్కి తిరుగుతుంది. ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే. తోటల మధ్యలోనే ఇళ్ళు.

ఇక మంగ సంగతి. వాళ్ళది కొబ్బరితోట. చదువులో, ముఖ్యంగా సోషల్‌లో, ఎప్పుడూ ఫస్టే. మాట్లాడడంలోనూ ఫస్టే. వినడానికి ఎవరూ మార్కులు వెయ్యరు కాబట్టి బతికిపోయింది.

రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటే తక్కువ వాన అనంతపురంలో పడుతుందని సోషల్ పుస్తకంలో చదివిన రోజునే మంగ నిరంజన్‌కి 'ఎడారి' అని పేరు పెట్టేసింది. ఆ పేరు బడంతా పాకిపోయింది. ఒంటెను ఎక్కడ కట్టేశావని ఒకరు, మీ ఊళ్ళో స్నానాలు ఏడాదికెన్నని ఒకరు అతన్ని అడిగేవారు. అతను బదులు చెప్పేవాడు కాదు. ఇంటికి పోయి ఏమనుకునేవాడో ఎవరికీ తెలియదు.

అంతలో మాధవీలత టీచర్ వచ్చారు. ఆవిడ రోజూ టెక్కలి నుంచి బస్సులో వచ్చి సోషల్ చెప్తారు. సంచి చూసి ఆవిడ నవ్వలేదు. గడ్డ చేతిలోకి తీసుకుని, చిదిపి, వాసన చూసి, "నల్లరేగడి" అన్నారు. డిసెంబర్‌లో టెక్కలిలో జరిగే ఎగ్జిబిషన్‌కి మట్టి తెమ్మని ఆవిడే చెప్పారట. రెండు ప్రాంతాల నేల, వాన, పంట పోల్చి చూపించాలి. అందరూ చార్టులు తెస్తారు. మనం మాత్రం బతికున్న మొక్కలు తీసుకెళ్దాం అన్నారు టీచర్.

నిరంజన్ లేచి నిలబడ్డాడు. ఆ మట్టిలో శనగ మొలిపిస్తానన్నాడు. విత్తనాలు కూడా వాళ్ళ అవ్వ ఇచ్చిందట. "మాకాడ శనగకి నీళ్ళు పెట్టరు టీచర్. విత్తేటప్పుడు తడి ఉంటే చాలు. మిగతాదంతా మంచుకే వస్తాది. అది ఇక్కడోళ్ళకి చూపించాల," అన్నాడు.

జూన్ నుంచి ఇప్పటిదాకా అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది లేదు.

ఉద్దానం తరఫున మంగని, ఉరవకొండ తరఫున నిరంజన్‌ని జట్టు కట్టారు టీచర్. మంగకి ఆనందంతో కాలు నేల మీద నిలవలేదు. టెక్కలి ఎగ్జిబిషనంటే మాటలా!

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మావని అడిగి మంగ రెండు పాత రేకు డబ్బాలు తెప్పించింది. రెండింటి అడుగునా మేకుతో కన్నాలు పొడిచారు. ఒక దాంట్లో మంగ తమ తోటలోని ఇసుక నింపి జీడిమొక్క నాటింది. రెండో దాంట్లో నల్లమట్టి పోసి, తడిపి, శనగలు నాటాడు నిరంజన్. రెండు డబ్బాలూ బడి వరండాలో పెట్టారు.

రోజూ సాయంత్రం బడి వదిలాక ఇద్దరూ వరండాలో కూర్చుని చార్టు రాసేవారు. రాయడం తక్కువ, దెబ్బలాట ఎక్కువ.

మాకు సముద్రం ఉందని మంగ అనేది. దాని వల్లే కదా మీ ఇంట్లో ఉప్పు జాడీలో ఉప్పు నీరైపోతుంది, అప్పడాలు మెత్తబడతాయి, చెమట ఆరదు అనేవాడు నిరంజన్. వాళ్ళ ఊళ్ళో పొద్దున ఎండబెట్టిన బట్ట అన్నం తినే వేళకి అప్పడంలా పెళపెళలాడుతుందట. మా ఊళ్ళో రెండు బారలు తవ్వితే ఇసకలోంచి నీళ్ళు ఊరతాయని మంగ అంటే, మా ఊళ్ళో బోరు ఎంత లోతుకి దిగినా నీళ్ళు పడతాయో లేదోనని ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తారని అతను చెప్పేవాడు.

వాన గురించి చెప్పినప్పుడైతే ఇద్దరూ ఒకరినొకరు వింతగా చూసుకున్నారు. మబ్బు పడితే నిరంజన్ వాళ్ళ ఊళ్ళో పిల్లలు గంతులేస్తూ వీధిలోకి పరిగెడతారట. మబ్బు మరీ నల్లగా పడితే మంగ వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు తుపానేమోనని రేడియో పెట్టుకుని, తాళ్ళు తీసి ఇంటి కప్పులు కట్టుకుంటారు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉంటుందా అని మంగ తెల్లబోయింది. ఆ రోజు అతన్ని ఎడారి అనడం మర్చిపోయింది.

శనగలు మొలిచాయి. చిన్ని చిన్ని ఆకులతో మొక్కలు గుబురుగా లేచాయి. పొద్దున్నే ఆకు నాకితే పుల్లగా ఉంటుందని నిరంజన్ చెప్పాడు. మంగ నాకి చూసి, క్లాసులో అందరి చేతా నాకించింది.

సరిగ్గా అప్పుడే నిరంజన్‌కి ఆటలమ్మ పోసింది.

వాళ్ళ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. తగ్గేదాకా ఎవరూ ఆ ఇంటికి పోకూడదు. ఎగ్జిబిషన్ దగ్గర పడుతోంది. వాళ్ళ నాన్న బడి గేటు దాకా వచ్చి మంగని పిలిచి, మొక్కల్ని చూసుకొమ్మని నిరంజన్ చెప్పమన్నాడని చెప్పారు. నీళ్ళు మాత్రం పొయ్యొద్దన్నాడట. ఆ ముక్క ఆయన రెండుసార్లు చెప్పారు.

మంగ బుద్ధిగా తల ఊపింది. వరండాలో ఉంటే మేకలు మేసేస్తాయని రెండు డబ్బాలూ ఇంటికి తెచ్చుకుంది.

తెచ్చుకున్న మర్నాడు పొద్దున్న మంగ అలవాటు ప్రకారం బిందె ఎత్తుకుంది. ఉద్దానంలో పిల్లలకి ఈ పని ఎవరూ చెప్పక్కర్లేదు. లేవగానే నూతి దగ్గరకి పోవాలి, నీళ్ళు తోడి తెచ్చి కొబ్బరి మొక్కల మొదట్లో పోయాలి. పోసిన నీళ్ళు పోసినట్టే ఇసకలోకి దిగిపోతాయి. సాయంత్రం మళ్ళీ పోయాలి. ఒక్కపూట మానేస్తే లేత మొక్క తల వేలాడేస్తుంది. 'ఇసక కడుపు నిండదు' అంటుంది మంగ వాళ్ళ మామ్మ అసిరమ్మ.

కొబ్బరి మొక్కలకి పోశాక జీడిమొక్కకి పోసింది. చెంబులో ఇంకా నీళ్ళున్నాయి. పక్కన శనగమొక్కలు. మట్టి పైన పొడిగా ఉంది, సన్నగా బీటలు కూడా పడ్డాయి.

మంగకి జాలేసింది. పాపం, వాళ్ళ ఊళ్ళో నీళ్ళు లేవు కాబట్టి పొయ్యరు అనుకుంది. ఉంటే పొయ్యరా ఏంటి? లేనివాళ్ళు లేనట్టే పెంచుకుంటారు. మన ఊళ్ళో నూతి నిండా నీళ్ళుండగా మొక్కల్ని మాడ్చడం ఎందుకు? నిరంజన్ వచ్చి, మొక్కలు ఏపుగా ఉండడం చూసి నోరు వెళ్ళబెట్టాలి.

చెంబు వంచేసింది. సాయంత్రం ఇంకో చెంబు. మర్నాడు పొద్దున, సాయంత్రం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మంగ.

మొదట్లో మొక్కలు బాగానే ఉన్నాయి. తర్వాత కింది ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. దాహం వేస్తోందేమోనని మంగ ఇంకాస్త ఎక్కువ పోసింది. పసుపు పై ఆకుల దాకా ఎగబాకింది. మామ్మకి చూపిస్తే, చాలడం లేదు గాబోలు, బాగా పొయ్యమంది. పక్కింటి దాలమ్మత్త వచ్చి చూసి, కొబ్బరి మొదట్లో వేసినట్టు గుప్పెడు ఉప్పు వెయ్యమంది. తోటలో పుట్టి తోటలో పెరిగిన ఇంతమంది ఉన్నారు, ఒక్కరు కూడా నీళ్ళు ఆపమనలేదు. నిరంజన్‌ని అడుగుదామంటే గుమ్మానికి వేపమండలున్నాయి. ఇంతలోనే ఒకరోజు పొద్దున మొక్కలన్నీ ఒక పక్కకి వాలిపోయి కనిపించాయి. ఒకటి పట్టుకుంటే, వేరు కుళ్ళిపోయి, మొదలంటా చేతిలోకి వచ్చేసింది.

ఉద్దానంలో శనగ ఎవరూ వెయ్యరు. ఇంకో మొక్క తేవాలంటే రెండు రైళ్ళు మారి వెళ్ళాలి. ఎగ్జిబిషన్ ఎల్లుండే.

ఆ సాయంత్రమే నిరంజన్ వచ్చాడు. ఆటలమ్మ తగ్గి, మూడో నీళ్ళు కూడా పోసేశారట. మొహం నిండా మచ్చలు, మొహం నిండా నవ్వు. ఎన్ని కాయలు కాశాయని గేటు దగ్గర నుంచే అడిగాడు. మంగ డబ్బాకి అడ్డంగా నిలబడింది. అయితే ఎంతసేపని నిలబడుతుంది? పక్కకి తప్పుకుంది.

నిరంజన్ అరవలేదు. గొంతుక్కూర్చుని, మట్టిలో వేలు పెట్టి, గుప్పెడు తీసి పిండాడు. వేళ్ళ మధ్యలోంచి నీళ్ళు కారాయి.

"ఎన్నిసార్లు పోసినావు?"

"పొద్దున, సాయంత్రం," అంది మంగ మెల్లగా. "మీకు నీళ్ళు లేక పొయ్యరనుకున్నాను."

అతను చేతిలోని మట్టిని డబ్బాలోకి విదిలించాడు. తర్వాత ఇటు తిరక్కుండానే అన్నాడు. "మా ఊరు ఎడారి కాదని అందరికీ చూపిద్దామనుకున్నా. ఇంగ ఏం చూపించేది?"

మంగకి ఏడుపొచ్చేసింది. కాని ఏడ్చేముందు ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. రెండు డబ్బాలకీ ఒకే నీళ్ళు పోసింది తను. జీడిమొక్క నిగనిగలాడుతోంది, శనగ కుళ్ళింది. ఎందుకని? రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. ఇసుకలో ఒక గ్లాసు పోసింది. బుస్సుమని ఇంకి, అడుగు కన్నాల్లోంచి కారిపోయింది. నల్లమట్టిలో ఇంకోటి పోసింది. నీళ్ళు పైనే నిలబడ్డాయి. చూస్తూ ఉన్నారు ఇద్దరూ. నీళ్ళు కదల్లేదు.

"ఇదేటిది, దిగదేటి?" అంది మంగ, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి.

అప్పుడు చెప్పాడు నిరంజన్. వాళ్ళ నేల ఒక్క వాన పడితే ఆ తడినంతా లోపల దాచుకుంటుందట. పైన బీటలు వారినా లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. శనగ వేరు ఆ చెమ్మని వెతుక్కుంటూ కిందికి పోతుంది. పైనుంచి నీళ్ళు పోస్తే మట్టి ముద్దైపోయి వేరుకి ఊపిరాడదు. నీళ్ళు లేక పొయ్యకపోవడం కాదు, అవసరం లేక.

"ముందే సెప్పొచ్చు కదా," అంది మంగ.

"చెప్పినా కదా," అన్నాడు నిరంజన్. మంగ నాలుక కరుచుకుంది.

టీచర్‌కి చెప్పారు. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, ఉన్నవి ఉన్నట్టే పట్టుకురండి, అక్కడ ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి అన్నారు.

టెక్కలి బస్సులో డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారిద్దరూ. కిటికీలోంచి ఇసుక నేల పోయింది, ఎర్ర నేల వచ్చింది, కోతలైన వరి మళ్ళు వచ్చాయి. మంగకి అవేవీ పట్టలేదు. ఎవరైనా అడిగితే, ఆటలమ్మ వల్ల చూసుకునేవాళ్ళు లేక మొక్కలు ఎండిపోయాయని చెబుదామంది. అబద్ధమే, కాని చిన్నదే కదా అంది. నిరంజన్ నీ ఇష్టమన్నాడు, కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఎగ్జిబిషన్ హాలు కిటకిటలాడుతోంది. బల్బుతో వెలిగే అగ్నిపర్వతం, తిరిగే భూగోళం, అట్టతో చేసిన వంశధార నది. వాటి మధ్య వీళ్ళ బల్ల మీద ఒక పచ్చని డబ్బా, ఒక చచ్చిన డబ్బా. కాసేపటికి ముఖ్య అతిథి వచ్చారు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన. వెనకాల మాస్టార్లు, వాళ్ళ వెనక పిల్లల గుంపు. ఆయన చార్టు చదివి, జీడిమొక్కని మెచ్చుకుని, రెండో డబ్బా దగ్గర ఆగి జాలిగా తల ఊపారు.

"అనంతపురం మట్టి కదా. ఎడారి నేల. పాపం, ఏటి మొలుస్తాయిలే ఇందులో," అన్నారు.

నిరంజన్ తల దించుకున్నాడు. మంగ అతని చెవుల వైపు చూసింది. గోనెసంచి విప్పిన రోజులాగే ఎర్రగా ఉన్నాయి. బస్సులో అనుకున్న అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎండిపోయాయంటే చాలు, తను తప్పించుకుంటుంది. నిరంజన్ ఊరు మాత్రం అందరి ముందూ ఎడారైపోతుంది.

"ఎడారి కాదండీ," అంది మంగ. "ఎండి సచ్చిపోలేదండి ఇవి. నీళ్ళు పోసి నానే సంపీసినాను."

గుంపులో నవ్వులు. మంగ ఆగలేదు. అతను వద్దన్నా పోశానని, తమ ఇసకలాగే అన్ని నేలలూ ఉంటాయనుకున్నానని గబగబా చెప్పేసింది. రెండు గ్లాసులు తీసుకుని ఆయన కళ్ళ ముందే పోసింది. ఇసకలోంచి నీళ్ళు బల్ల మీదికి కారి మాస్టారి చెప్పులు తడిపాయి. నల్లమట్టి మీద నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు. గ్లాసు తీసుకుని ఈసారి తానే పోసి చూశారు. మరి ఈ నేలకి నీళ్ళెప్పుడు పెడతారని మంగని అడిగారు.

"నాకు తెలవదండి," అంది మంగ. "ఇతన్నడగండి."

నిరంజన్ తల ఎత్తాడు. మొదట రెండు ముక్కలు చెప్పాడు. తర్వాత అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒక్క వానతో పండే శనగ, మంచులో తడిసే ఆకులు, ఎండకి నేలలో చెయ్యి దూరేంతగా విచ్చుకునే నెర్రెలు, మోకాళ్ళ దాకా అంటుకునే రేగడి. గుంపు పెరిగిపోయింది. మంగ గ్లాసులు నింపి తేవడం, అతను చెప్పడం.

మా మడి మట్టి ఎలా ఉంటదో చూద్దామని ఢిల్లీరావు అనే టెక్కలి కుర్రాడు బయటికి పరిగెత్తాడు. ఇంకొకడు కొండవైపు రోడ్డు పక్కన ఎర్రమట్టి తెస్తానని పోయాడు. అంతే, ఎక్కడి పిల్లలక్కడ లేచారు. దోసిళ్ళతో, కాగితాల్లో, చివరికి టిఫిన్ డబ్బాల్లో మట్టి తెచ్చి వరసగా పెట్టి నీళ్ళు పోసేస్తున్నారు. ఏది ముందు ఇంకుతుందో, ఏది మొండికేస్తుందోనని కేకలు. హాలంతా బురద. అగ్నిపర్వతం దగ్గర ఒక్కరు కూడా మిగల్లేదు. స్కూలు అటెండరు తల పట్టుకున్నాడు. మాధవీలత టీచర్ మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ బురదలోనే నిలబడి నవ్వుతున్నారు.

ఆ గొడవలో ప్రైజులు ఎవరికిచ్చారో ఇద్దరూ చూడనే లేదు.

ఊరికి వచ్చాక నిరంజన్ నల్లమట్టిని గోనె మీద పరిచి ఎండలో ఆరబెట్టాడు. అవ్వ ఇచ్చిన విత్తనాలు ఇంకో గుప్పెడు మిగిలాయి. మళ్ళీ తడిపి, మళ్ళీ నాటాడు. డబ్బా ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. వాళ్ళ ఇంటికే తీసుకుపోతాడనుకుంది మంగ. అడిగే ముఖం కూడా లేదు ఆమెకి.

"మీ ఇంట్లోనే పెట్టు," అన్నాడు నిరంజన్.

మంగ నమ్మలేనట్టు చూసింది. కాసేపటికి అడిగింది. "నానేటి సెయ్యాలి?"

"ఏమీ చెయ్యద్దు. వాన పడితే లోపల పెట్టు. అంతే."

ఏమీ చెయ్యకపోవడం మంగకి పుట్టి బుద్ధెరిగాక చేతకాని పని. అయినా సరేనంది.

మూడు రోజులకి మట్టి పైన ఆరిపోయి, సన్నగా బీట పడింది. మంగ పొద్దున్నే కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోసి వచ్చింది, జీడిమొక్కకి పోసింది. చెంబులో ఇంకా నీళ్ళున్నాయి. మామ్మ అరుగు మీద నుంచి చూసి, ఆ డబ్బాకి కూడా కాసిన్ని పొయ్యి, ఎండిపోతంది అంది.

మంగ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. వంగి, బీటలో వేలు పెట్టి చూసింది. లోపల చల్లగా, చెమ్మగా ఉంది. మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆవిడ వేలు కూడా అందులో పెట్టించింది. తర్వాత చెంబు పట్టుకెళ్ళి నూతి గట్టు మీద బోర్లించింది. డబ్బా పక్కన చతికిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చుంది.